సీప్యాప్ మిషన్ అటకెక్కకుండా ఉండాలంటే

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మనవాళ్ళ ఇళ్ళల్లో ఈమధ్య సీప్యాప్ మిషన్లు బాగానే కనబడుతున్నాయి. వైజాగో బరంపురమో భువనేశ్వరో వెళ్ళి, ఒంటికి వైర్లు అంటించుకుని స్లీప్ స్టడీ చేయించుకుని, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) అని తేలాక వేలకు వేలు పోసి మిషన్ తెచ్చుకుంటారు. నెల తిరక్కుండానే అది అట్టపెట్టెతో సహా అటక మీద ఉంటుంది. ఏమైందని అడిగితే "నాకు పడలేదండీ" అంటారు. ఏది పడలేదంటే మాత్రం చెప్పలేరు. ముక్కు ఎండిపోయిందా, మాస్కు ఒరుసుకుందా, గాలి బయటికి వదలడం కష్టమైందా, కడుపు ఉబ్బిందా, భయమేసిందా? వీటిలో ఒక్కోదానికి ఒక్కో విరుగుడు ఉంది, అన్నీ కలిపి "పడలేదు" అనేస్తే మాత్రం ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. కాబట్టి ఈ వ్యాసం మొత్తానికి నేను చెప్పేది ఇదొక్కటే అనుకోండి: మొదటి వారాల్లో మిషన్ మీద కోపం తెచ్చుకోకుండా, సరిగ్గా ఏది ఇబ్బంది పెడుతోందో పట్టుకోండి.

ముందు రెండు అపోహలు. ఇది ఆక్సిజన్ మిషన్ కాదు, వెంటిలేటర్ అంతకన్నా కాదు. కరోనా తర్వాత ముఖానికి మాస్కు, దానికో గొట్టం కనబడితే చాలు, చూడటానికొచ్చినవాళ్ళు "అంత సీరియస్సా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. సీప్యాప్ చేసేది చిన్న పని. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంటే, గదిలో ఉన్న మామూలు గాలినే కాస్త ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీన్ని మొదలుపెట్టిన రోజుల్లో మాస్కుని ముక్కుకి జిగురుతో అతికించేవారు. వాళ్ళతో పోలిస్తే మనం పట్టీలు బిగించుకోవడం పెద్ద కష్టం కాదులెండి.

రెండోది, "నాకు గురకే గానీ జబ్బేమీ లేదు, మధ్యాహ్నం పఖాళ (ఒడిశాలో తినే నీళ్ళన్నం) తిన్నాక ఎవరికి నిద్ర రాదు?" అనే మాట. పఖాళ తిన్నా చద్దన్నం తిన్నా కునుకు రావడం నిజమే. కానీ పొద్దున లేవగానే తలనొప్పి, బండి మీద వెళ్తుంటే కళ్ళు మూతలు పడటం పఖాళ ఖాతాలో వేయకండి. స్లీప్ స్టడీ రిపోర్టులో ఏ.హెచ్.ఐ అని ఒక అంకె ఉంటుంది. నిద్రలో గంటకు ఎన్నిసార్లు, కనీసం పది సెకన్ల పాటు, ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అని దాని లెక్క. 5 లోపు మామూలు, 5 నుంచి 15 కొద్దిపాటి, 15 నుంచి 30 ఓ మోస్తరు, 30 దాటితే తీవ్రం. ఆ అంకె మీకు గుర్తుండాలి, తర్వాత మిషన్ చూపించే అంకెతో పోల్చుకోవడానికి.

కొనేచోటే చేయాల్సిన పని

మిషన్ ఏ కంపెనీది అన్నదాని గురించి అందరూ గంటలు గంటలు ఆలోచిస్తారు. నా లెక్కలో మిషన్ కన్నా మాస్కు ముఖ్యం, అందులోనూ సైజు. మనకి షాపు పక్కవీధిలో ఉండదు. రాయగడ నుంచి వైజాగ్ వెళ్ళి మాస్కు మార్చుకురావాలంటే ఒక రోజు పోయినట్టే. అందుకని మొదటిసారే మొహమాటం పక్కన పెట్టి, షాపులో మంచం అడగండి, లేకపోతే బెంచీ. పడుకుని, మీ డాక్టరు రాసిన ప్రెషర్ పెట్టించుకుని, పక్కకి తిరిగి, వెల్లకిలా తిరిగి చూడండి. కుర్చీలో కూర్చుని పెట్టుకున్న మాస్కు పడుకున్నాక వేరేలా కూర్చుంటుంది, ఎందుకంటే పడుకుంటే బుగ్గలు జారతాయి.

మాస్కులు మూడు రకాలు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న దిండ్ల లాంటిది ఒకటి, ముక్కుని మాత్రమే కప్పేది ఇంకొకటి, ముక్కూ నోరూ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్కు మూడోది. ఉక్కిరిబిక్కిరి అవుతామని భయం ఉన్నవాళ్ళు చిన్నదానితో మొదలుపెట్టడం మంచిది, కళ్ళకి ఏమీ అడ్డం రాదు. నోరు తెరిచి నిద్రపోయే అలవాటున్నవాళ్ళకి, ముక్కు ఎప్పుడూ దిబ్బడగా ఉండేవాళ్ళకి ఫుల్ ఫేస్ కావలసి రావచ్చు. మీసాలు, గడ్డం ఉన్నవాళ్ళు వాటితోనే వెళ్ళి చూసుకోండి, షాపుకి నున్నగా గీసుకుని వెళ్ళి నెల తర్వాత పెంచితే గాలి పక్కలనుంచి పోతుంది. ఆడవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: ముక్కుపుడక, బేసరి. మాస్కులో ముఖానికి ఆనే మెత్తటి కుషన్ అంచు సరిగ్గా పుడక మీద పడితే రాత్రంతా లీకు, పొద్దున్నకి పుండు. రాత్రిపూట తీసి పెట్టుకోగలిగితే సరే. తీయడం ఇష్టం లేకపోతే పుడక లోపలికి వచ్చి అంచు దాని బయట ఆనే మాస్కు దొరుకుతుందేమో అక్కడే పెట్టి చూడండి. కొప్పు కూడా అంతే, వెనక పట్టీ కొప్పు మీద పడితే జారిపోతుంది, పడుకునేటప్పుడు వదులు జడ మేలు.

ఎవరైనా సెకండ్ హ్యాండ్ మిషన్ చవగ్గా ఇస్తామంటే మోడల్ నంబరు చూడకుండా తీసుకోవద్దు. ఫిలిప్స్ కంపెనీ తన పాత డ్రీమ్ స్టేషన్ లాంటి కొన్ని మిషన్లని, లోపలి శబ్దం తగ్గించే ఫోము పొడిపొడిగా రాలుతోందని, 2021 జూన్‌లో వెనక్కి పిలిచింది. అలాంటివి చేతులు మారుతూ తిరిగే అవకాశం ఉంది. మిషన్ పాతదైనా మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే ఉండాలి. ప్రెషర్ మీ రిపోర్టు ప్రకారం మళ్ళీ పెట్టించుకోవాలి, ముందు వాడినవాళ్ళది మీకు పనికిరాదు.

రాత్రి కాదు, పగలు మొదలుపెట్టండి

చాలామంది చేసేది ఏమిటంటే, మిషన్ ఇంటికొచ్చిన రోజు రాత్రే మాస్కు బిగించుకుని పడుకుంటారు. అలిసిపోయి ఉంటారు, ఇంట్లో అందరూ చూస్తుంటారు, రాత్రి ఒంటిగంటకి పీకి పారేస్తారు. మర్నాటి నుంచి దాన్ని చూస్తేనే టెన్షన్.

అలా కాకుండా మొదటి రోజు మిషన్ ఆన్ చేయకండి. మాస్కుకి గొట్టం తగిలించకుండా ముఖానికి చేత్తో ఆనించుకుని టీవీ చూడండి. పట్టీలు కూడా వద్దు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చన్న ధైర్యం ముఖ్యం. అది మామూలైపోయాక పట్టీలు పెట్టుకుని, గొట్టం తగిలించి, గాలి ఆన్ చేసి కూర్చోండి. పేపరు చదవండి, ఫోన్ చూసుకోండి, మనసు గాలి మీదకి పోనివ్వకండి. నోరు మూసుకుని ముక్కుతో పీల్చాలి (ఫుల్ ఫేస్ అయితే ఈ నియమం లేదు). గాలి ఆన్‌లో ఉండగా మాట్లాడటానికి నోరు తెరిస్తే ముక్కులోంచి నోట్లోకి గాలి దూసుకొస్తుంది, మొదటిసారి అందరూ జడుసుకుంటారు. అది పగలే ఒకసారి కావాలని చేసి చూసుకోండి, రాత్రి భయం ఉండదు. ఆ తర్వాత అదే పని పడుకుని చేయండి. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు, మాస్కుతో. అప్పుడు రాత్రి.

ఒక్కో మెట్టుకి ఒక రోజు పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. ఉక్కిరిబిక్కిరి భయం ఎక్కువ ఉన్నవాళ్ళకి వారాలు కూడా పడుతుంది, అయినా ఫరవాలేదు. మీ రిపోర్టు తీవ్రమని ఉంటే, లేదా గుండె జబ్బు ఉంటే మాత్రం ఎంత నెమ్మదిగా వెళ్ళొచ్చో డాక్టర్ని అడిగి వెళ్ళండి.

మిషన్ ఎక్కడ పెట్టాలి? మీ తల కన్నా కిందగా. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ డబ్బాలో నీళ్ళుంటాయి కాబట్టి పైన అల్మరాలో పెడితే నీళ్ళు గొట్టంలోకి, అక్కణ్ణుంచి ముక్కులోకి. నేల మీద చాప వేసుకుని పడుకునేవాళ్ళు వీలైనంత తక్కువ ఎత్తున్న చెక్క పలక మీద పెట్టుకుంటే దుమ్ము లాగదు, తల కన్నా మరీ పైకీ రాదు. అయ్యప్ప మాల వేసుకుని కటిక నేల మీద పడుకునే రోజుల్లో కూడా ఇదే ఏర్పాటు, దీక్ష పేరు చెప్పి మిషన్ మానక్కర్లేదు. దోమతెర లోపల పెట్టినా బయట పెట్టినా ఒకటే, వెనక గాలి పీల్చే జాలీకి దుప్పటో తెరో అడ్డం పడకూడదు. పక్కనే దోమల కాయిల్ వెలిగించారా, ఆ పొగంతా ఒత్తిడితో మీ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

మాస్కు బిగించడం

ముఖం సబ్బుతో కడుక్కోండి. కొబ్బరినూనె, క్రీము, వాజెలిన్ ఏదీ వద్దు. జిడ్డుకి కుషన్ జారుతుంది, సిలికాన్ తొందరగా పాడవుతుంది. తలకి నూనె రాసే అలవాటుంటే పొద్దుటికి మార్చుకోండి. తర్వాత పడుకుని, గాలి ఆన్ చేసి, అప్పుడు పట్టీలు సవరించుకోవాలి. మాస్కుని ఒకసారి ముఖం మీంచి ముందుకి లాగి వదిలితే కుషన్ గాలితో నిండి సరిగ్గా కూర్చుంటుంది. లీకు ఉంటే అందరూ చేసే పని పట్టీలు ఇంకా బిగించడం. ఆ బిగింపుతో కుషన్ మడతపడి లీకు పెరుగుతుంది, పొద్దున ముక్కు మీద ఎర్రటి గాడి. వదులు చేసి మళ్ళీ కూర్చోబెట్టండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి.

మాస్కు ముందు వైపు చిన్నచిన్న రంధ్రాల్లోంచి సుయ్‌మని గాలి వస్తూ ఉంటుంది. అది లీకు కాదు. మీరు వదిలిన గాలి బయటికి పోయే దారి అది. దయచేసి దాని మీద టేపు వేయకండి, పక్కవాళ్ళకి గాలి కొడుతోందని గుడ్డ కప్పకండి.

సెట్టింగుల్లో రెండు సదుపాయాలు అడిగి తెలుసుకోండి. ఒకటి రాంప్. తక్కువ ప్రెషర్‌తో మొదలై, మీరు నిద్రపోయేలోగా మెల్లగా అసలు ప్రెషర్‌కి వస్తుంది. ఈ మిషన్లు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య పనిచేస్తాయి. రాంప్ 4 దగ్గర మొదలైతే కొందరికి "గాలి చాలట్లేదు" అనిపిస్తుంది, ఊపిరాడనట్టు ఉంటుంది. ఆ ఊపిరాడకపోవడం ఎక్కువ గాలి వల్లేనని కొందరు పొరబడతారు, నిజానికి ఇంకొంచెం పైనుంచి మొదలుపెడితే హాయిగా ఉంటుంది. రెండోది ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించేది. దానికి కంపెనీకో పేరు. గాలికి ఎదురు ఊదుతున్నట్టు ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడమని షాపతనికి ఫోన్ చేయండి. ఈ రెండూ సౌకర్యం కోసం, మార్చుకోవచ్చు. అసలు ప్రెషర్ మాత్రం డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు, యూట్యూబు చూసి సీక్రెట్ మెనూలోకి వెళ్ళే మేనల్లుళ్ళని దూరంగా ఉంచండి.

ఏది పడలేదో పట్టుకోవడం

పొద్దున లేచేసరికి నోరు చెక్కలా ఎండిపోయి ఉంటే నిద్రలో నోరు తెరుచుకుంటోందని అర్థం. తేమ పెంచి చూడండి, గడ్డం కింద పట్టీ దొరుకుతుంది, తగ్గకపోతే ఫుల్ ఫేస్. ముక్కు దిబ్బడ, తుమ్ములు ఉంటే పడుకునే ముందు సెలైన్ నేజల్ స్ప్రే, హ్యుమిడిఫయర్ తేమ ఒక మెట్టు పైకి. అంతేగానీ నీళ్ళ డబ్బాలో విక్స్, జండూబామ్, యూకలిప్టస్ నూనె వేయడం వద్దే వద్దు. మందుల షాపులో దొరికే దిబ్బడ తగ్గించే చుక్కలు కూడా వరసగా కొన్ని రోజులు వాడితే ముక్కు ఇంకా మొండికేస్తుంది, డాక్టర్ని అడగకుండా అలవాటు చేసుకోకండి.

కళ్ళు మండుతూ లేస్తే మాస్కు పైభాగం లీకు. కడుపు ఉబ్బి త్రేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నారు, రాత్రి భోజనం పెందలాడే ముగించి, తలవైపు కాస్త ఎత్తు పెట్టుకుని, ఎడమవైపు తిరిగి పడుకుని చూడండి. అప్పటికీ ఉంటే ప్రెషర్ గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే.

కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు చలికాలంలో ఇంకో తమాషా ఉంది. గది చల్లగా, గొట్టంలో గాలి వెచ్చగా తేమగా ఉండేసరికి లోపల నీళ్ళు పడతాయి. గొట్టంలోంచి గుడగుడ చప్పుడు, తెల్లవారుజామున మూడింటికి ముక్కు మీద చల్లటి చుక్క. మిషన్ పాడైందని కంగారు పడతారు. తేమ ఒక మెట్టు తగ్గించండి, గొట్టాన్ని రగ్గు కింద నుంచి తెచ్చుకోండి లేదా పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తొడగండి. వేడిచేసే గొట్టం మీ మిషన్‌కి సరిపోయేది ఉంటే కొనుక్కోవచ్చు. అదే బరంపురం మే నెలలో సమస్య తిరగబడుతుంది: ముఖం చెమట, మాస్కు జారడం. ఫ్యాను గాలి ముఖం వైపు తిప్పుకుని, మాస్కు అంచుకి పెట్టే గుడ్డ లైనర్లు వాడండి. వేసవిలో డాబా మీద పడుకునే అలవాటున్నవాళ్ళు మిషన్ మంచుకి తడవకుండా, దుమ్ము పట్టకుండా చూసుకోవాలి, నన్నడిగితే గదిలోనే పడుకోమంటాను.

నిద్రలో తెలియకుండానే మాస్కు పీకేయడం చాలామందికి జరుగుతుంది. మెలకువ రాగానే మళ్ళీ పెట్టుకోండి, అంతే. "నాలుగు గంటలు వాడాను కదా, చాల్లే" అనుకోకండి. నాలుగు గంటల లెక్క కొన్ని దేశాల్లో ఇన్సూరెన్సు వాళ్ళు, పరిశోధకులు పెట్టుకున్న కనీస కొలత. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, చాలామందికి ఊపిరి ఆగడం కూడా ఆ నిద్రలోనే ఎక్కువ. మూడింటికి మాస్కు తీసేస్తే సరిగ్గా అవసరమైన వేళకే తీసేసినట్టు.

నీళ్ళు, కడగడం

హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన బోరు నీళ్ళకి రెండు వారాల్లో డబ్బా అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో అమ్మే నీళ్ళు బ్యాటరీలకే, వాటి శుభ్రతకి పూచీ లేదు. మందుల షాపతనికి చెప్పి పెడితే తెప్పిస్తాడు. అయిపోయిన రోజు కాచి చల్లార్చిన నీళ్ళతో గడిపేయొచ్చు, అలవాటు చేసుకోవద్దు. పొద్దున మిగిలిన నీళ్ళు పారబోసి డబ్బా ఆరబెట్టండి, పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు పోయకండి. కుషన్ రోజూ, గొట్టం వారానికోసారి, గోరువెచ్చటి నీళ్ళలో ఘాటులేని సబ్బుతో కడిగి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే ప్లాస్టిక్ గట్టిపడిపోతుంది. డెట్టాల్, బ్లీచింగ్ ముట్టుకోవద్దు. ఫిల్టరు నెలకోసారి చూడండి, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో, రోడ్డు పక్క ఇంట్లో ముందే నల్లబడుతుంది.

కరెంటు పోతే

మొదటి భయం ఇదే, "మాస్కు ముఖానికి ఉండగా కరెంటు పోతే చచ్చిపోతామా?" అని. పోము. ఫుల్ ఫేస్ మాస్కులో గాలి ఆగగానే దానంతటదే తెరుచుకునే వాల్వు ఉంటుంది, ముక్కు మాస్కయితే నోరు ఉండనే ఉంది. అసౌకర్యంగా అనిపించి మెలకువ వస్తుంది, తీసేస్తారు. కానీ నిద్రమాత్రలు వేసుకుని గానీ, మద్యం తాగి గానీ పడుకుంటే ఆ మెలకువ ఆలస్యమవుతుంది. అవి ఆప్నియాని కూడా పెంచుతాయి, కాబట్టి రెండిందాలా చెడ్డవే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమా అని చూడండి, పాత స్క్వేర్ వేవ్ రకంతో మిషన్ అడాప్టర్ వేడెక్కొచ్చు. కరెంటు ఎక్కువ తినేది హ్యుమిడిఫయర్ వేడి, గాలి మోటారు కాదు. ఇన్వర్టర్ మీద నడిచే రాత్రి ఆ వేడి ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు మిషన్ లేని రాత్రులు పక్కకి తిరిగి, తల ఎత్తుగా పెట్టి పడుకోండి, వెల్లకిలా వద్దు. నిద్ర చాలని మర్నాడు ఘాట్ రోడ్డులో బండి నడపకండి.

రైలు ప్రయాణానికీ ఇదే మాట: బెర్తు దగ్గర ప్లగ్గు ఫోన్ల కోసం, చాలా రైళ్ళలో రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా ఆపేస్తారు కూడా. విడి బ్యాటరీ ఉంటే తప్ప దాన్ని నమ్ముకోవద్దు. డబ్బాలో నీళ్ళు పారబోసి సంచిలో పెట్టండి. ఏ ఆపరేషన్‌కైనా ఆసుపత్రిలో చేరితే మిషన్ వెంట తీసుకెళ్ళి, మత్తు ఇచ్చే డాక్టరుకి ఆప్నియా ఉందని ముందే చెప్పండి. పెళ్ళికి బంధువుల ఇంటికి వెళ్తే కూడా అంతే, హాల్లో పాతికమంది మధ్య మాస్కు పెట్టుకోవడానికి సిగ్గు పడతారు గానీ మీ గురక భరించిన వాళ్ళెవరూ మాస్కుని చూసి నవ్వరు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి

పొద్దున తెర మీద కనబడేవాటిలో మూడు చూసుకోండి: ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, ఏ.హెచ్.ఐ ఎంత. ఒక్క రాత్రి అంకె చూసి బెంగపడొద్దు, వారం సగటు చూడండి. గంటలు బాగానే ఉండి, లీకు తక్కువే ఉండి, ఏ.హెచ్.ఐ ఇంకా 5 దాటుతుంటే ప్రెషర్ మార్చాలేమో. అంకెలన్నీ బాగున్నా పగలు నిద్ర తూగుతోందంటే థైరాయిడ్, మందులు, చాలీచాలని నిద్ర లాంటి వేరే కారణం వెతకాలి. ముక్కులోంచి రక్తం రావడం, మాస్కు కింద మానని పుండు, ఛాతీలో నొప్పి ఉంటే తదుపరి తేదీ దాకా ఆగకండి. బరువు బాగా తగ్గినా పెరిగినా మళ్ళీ పరీక్ష చేయించాలి.

వెళ్ళేటప్పుడు మిషన్ పక్కన ఉండే చిన్న మెమరీ కార్డు తీసి పర్సులో వేసుకోండి, దాంతోపాటు ఏది పడలేదో రాసుకున్న కాగితం. మాస్కు కూడా సంచిలో వేసుకెళ్ళండి, పెట్టుకుని చూపిస్తే సగం సంగతి డాక్టరుకి అక్కడే తెలిసిపోతుంది.